సెడీ అంటే గవ్వ

పోయిన నెలలో మా చిన్నాన్న కొడుకు పలమనేరు నుంచి తిరుపతికి వచ్చి, దర్శనం ముగించుకొని కొండ దిగిన సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. లడ్డూ ప్రసాదంతో పాటు నాలుగు కాగితాలు కూడా నా చేతిలో పెట్టాడు. పశ్చిమాఫ్రికాలోని ఘనా దేశంలో, రాజధాని అక్రా నగరంలో, ఆటోల విడిభాగాలు చెన్నై రేవు నుంచి తెప్పించి అమ్మే వ్యాపారానికి అతడు వేసుకున్న అంచనా అది. ఆ దేశంలో 2018 నుంచి 2023 దాకా ఒక దిగుమతి సంస్థలో లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి, పెట్టుబడి పెట్టే ముందు నా కంట పడనివ్వాలని అనుకున్నాడట. "అన్నా, తప్పేమన్నా ఉంటే గీత కొట్టేయ్. యాడ మునిగిపోతానో నువ్వే చెప్పల్ల" అన్నాడు.

అంచనా ముచ్చటగా ఉంది. సరుకు ధర, ఓడ కిరాయి, రేవు ఖర్చులు, అద్దె, ఇద్దరు పనివాళ్ల జీతాలు, పన్ను అన్నీ ఉన్నాయి. ఆటోకు అక్కడ గిరాకీ ఉందన్న మాట కూడా నిజమే. పొరుగునే ఉన్న హోసూరులోనూ, మహారాష్ట్రలోనూ తయారైన మన మూడు చక్రాల బళ్లు ఘనా ఊళ్లలో విరివిగా తిరుగుతాయి. దక్షిణాన వాటిని ప్రాగ్యా అని, ఉత్తరాన తమాలే వైపు మహామా కాంబూ అని పిలుస్తారు. తిరిగే బండి ఉన్నచోట అరిగే బ్రేకు షూ ఉంటుంది. నేను గీత కొట్టింది వీటిలో దేని మీదా కాదు. రెండో కాగితంలో పన్నెండు నెలలకు పన్నెండు గడులు గీసి, అన్నిటిలోనూ డాలరు మారకం ఒకే అంకె వేసుకున్నాడు. ఆ అడ్డు వరుస మొత్తం కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో ఆ రాత్రి చెప్పడం మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

2022 జనవరిలో అక్రాలో డాలరు కొనాలంటే ఘనా నాణెమైన సెడీలు సుమారు 6 ఇవ్వాల్సి వచ్చేది. అదే ఏడాది అక్టోబరు, నవంబరు నాటికి 14 దరిదాపులకు చేరింది. లెక్క సులువుగా ఉండడానికి గుండు సంఖ్యల్లో చెబుతాను. 40 వేల డాలర్ల సరుకు జనవరిలో కొంటే 2 లక్షల 40 వేల సెడీలు అవుతుంది. సుంకాలు పక్కన పెట్టి, ఆ సరుకును నిదానంగా పది నెలల్లో నూటికి పాతిక లాభం వేసుకొని అమ్మామనుకుంటే చేతికి 3 లక్షల సెడీలు వస్తాయి. పుస్తకం ప్రకారం 60 వేల సెడీల లాభం. దాని మీద 25 శాతం కంపెనీ పన్ను, అంటే 15 వేలు కట్టాలి. మిగిలిన 2 లక్షల 85 వేల సెడీలు పట్టుకొని మళ్లీ సరుకు తెప్పించాలని బ్యాంకుకు వెళితే, డాలరు 13 సెడీల లెక్కన చేతికి వచ్చేది సుమారు 22 వేల డాలర్లు. లాభానికి పన్ను కట్టి, గోదాములో దాదాపు సగం సరుకు పోగొట్టుకున్నామన్నమాట. మా సంస్థలో జరిగిన తీరు సరిగ్గా ఇదే. లాభం వచ్చిందని రాసి సంతకం పెట్టినవాణ్ణి నేనే. చిత్తూరులో పదిహేనేళ్లు లెక్కలు రాసిన అనుభవం నాకు అక్కడ అడ్డమొచ్చింది. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడాయే లాభమని నమ్మడం తప్ప వేరే తెలియదు.

సెడీ అన్న మాటకు అకాన్ భాషలో మూలం గవ్వ. ఒకప్పుడు ఆ తీరాన గవ్వలే నాణేలుగా చెల్లేవి. 1965లో బ్రిటిషు కాలపు పౌండు పద్ధతిని వదిలి దేశానికి సొంత నాణెం తెచ్చుకున్నప్పుడు ఆ పేరే పెట్టుకున్నారు. మన వాళ్లు చేతిలో చిల్లిగవ్వ లేదంటారు కదా, ఆ మాట అక్కడి మిత్రుడొకరికి వివరించి చెబితే చాలాసేపు నవ్వి, "మా దగ్గర గవ్వ ఉంది, చిల్లి ఏటేటా పెద్దదవుతుంది" అన్నాడు. 2007 జులైలో పాత సెడీలు 10 వేలకు ఒక కొత్త సెడీ చొప్పున నాలుగు సున్నాలు కొట్టేశారు. అప్పుడు కొత్త సెడీ విలువ డాలరు కన్నా కాస్త ఎక్కువగానే ఉండేది. పదిహేనేళ్లలో అది ఎంత దూరం జారిందో పై లెక్కలోనే ఉంది.

ఎందుకు జారిందంటే, ఒక్క కారణం చెప్పి తప్పించుకోలేం. అదే 2007లో ఘనా 75 కోట్ల డాలర్లకు తొలి యూరోబాండు, అంటే విదేశీ మదుపరులకు అమ్మే అప్పు పత్రం, జారీ చేసింది. దక్షిణాఫ్రికాను మినహాయిస్తే సహారాకు దిగువనున్న దేశాల్లో అంతర్జాతీయ మార్కెట్టులో అలా అప్పు తీసుకున్న తొలి దేశాల్లో అది ఒకటి. ఆ ఏడాదే జూబిలీ చమురు క్షేత్రం బయటపడింది, 2010 డిసెంబరులో చమురు రావడం మొదలైంది. చమురు వస్తుందన్న ధీమాతో అప్పు పెరిగింది, అప్పు తీర్చడానికి కొత్త అప్పు తేవడం అలవాటైంది. 2022 ఆరంభంలో రేటింగు సంస్థలు ఘనా రుణ స్థాయిని తగ్గించడంతో ఆ తలుపు మూసుకుంది. బయటి అప్పు పుట్టని దేశంలో డాలర్ల కోసం అందరూ ఒకే కిటికీ ముందు నిలబడ్డారు. ఆ డిసెంబరు 5న దేశీయ బాండ్లు ఉన్నవారు వాటిని తక్కువ వడ్డీ, ఎక్కువ గడువు ఉన్న కొత్త బాండ్లతో మార్చుకోవాలని ప్రభుత్వం ప్రకటించింది. 19న విదేశీ అప్పుల్లో చాలావాటికి చెల్లింపులు ఆపేసింది. ఆ నెల ద్రవ్యోల్బణం 54.1 శాతం. మరుసటి ఫిబ్రవరిలో, ఆ బాండ్లలో డబ్బు దాచుకున్న పెన్షనుదారులు ఆర్థిక శాఖ కార్యాలయం ముందు నిలబడి నిరసన తెలిపినప్పుడు, దేశానికి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సోఫియా అకుఫో కూడా వారితో వచ్చి నిలబడ్డారు. 2023 మే 17న అంతర్జాతీయ ద్రవ్యనిధి 300 కోట్ల డాలర్ల సాయాన్ని ఆమోదించింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ సంస్థ దగ్గరికి వెళ్లడం ఘనాకు అది 17వ సారి.

ఇవన్నీ పత్రికల్లో చదివి తెలుసుకున్న విషయాలు. లెక్క నిజంగా నేర్పింది అబొస్సీ ఒకాయ్. అక్రాలో వాహనాల విడిభాగాలకు అది పెద్ద బజారు. ఒక సందులో గేరు పెట్టెలు, ఒక సందులో పాత ఇంజన్లు, ఒక సందులో అద్దాలు, దుకాణాల ముందు నల్లటి నూనె మరకలతో తడిసిన నేల. అక్కడ మా దగ్గర సరుకు కొనే పెద్దావిడ ఒకరు ఉండేవారు. బజారంతా ఆమెను ఆంటీ అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆమె దుకాణంలో ఒక్క వస్తువు మీదా ధర రాసి ఉండదు. పొద్దున్నే పీట వేసుకొని కూర్చోగానే మొదట ఫోన్లో డాలరు రేటు అడుగుతారు, బజారు చివర డాలర్లు మార్చే దుకాణానికి కుర్రాణ్ణి పంపి అక్కడి రేటూ కనుక్కుంటారు, ఆ తర్వాతే నోటి లెక్కతో ఆ రోజు ధరలు చెబుతారు. ఒకసారి నేను చూస్తుండగానే కొనేవాడు వెనక్కి వెళ్లిపోయాడు. ఆ బ్రేకు షూలు ఆమె కొన్న ధరకు రెట్టింపు ఇస్తానన్నా ఇవ్వలేదు. లాభం వద్దా అని అడిగితే, "అది అమ్మితే వచ్చే డబ్బుతో రేపు అలాంటిదే ఇంకొకటి కొనగలిగితేనే నేను అమ్మినట్టు. లేకపోతే దానం చేసినట్టు" అన్నారు. నేను పుస్తకంలో రాసుకుంటున్న లాభానికీ, ఆమె మనసులో వేసుకుంటున్న లాభానికీ ఉన్న దూరం ఆ క్షణంలో అర్థమైంది. 2022 అక్టోబరులో డాలరు రోజుకొక రేటు పలుకుతున్నప్పుడు అక్రా వర్తకులు కొన్ని రోజులు దుకాణాలు మూసేసి నిరసన తెలిపారు. ఆ రోజుల్లో అమ్మడం కన్నా మూయడమే లాభమని కొందరు నాతో బాహాటంగానే అన్నారు.

ఇలాంటి చోట అప్పు తెచ్చి వ్యాపారం చేయడం మరో కథ. కేంద్ర బ్యాంకు తన వడ్డీ రేటును 2022లో 14.5 శాతం నుంచి 27 శాతానికి పెంచింది. ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల మీదే ఆ ఏడాది చివర 35 శాతం దాకా వడ్డీ వచ్చేది. సర్కారుకు ఇస్తే ముప్పై అయిదు వస్తుంటే, బ్రేకు షూలు అమ్ముకునేవాడికి ఏ బ్యాంకు మేనేజరు పనిగట్టుకొని అప్పిస్తాడు? పైగా 2017 నుంచి 2019 దాకా జరిగిన ప్రక్షాళనలో తొమ్మిది బ్యాంకులు, కొన్ని వందల సూక్ష్మ రుణ సంస్థలు లైసెన్సు పోగొట్టుకున్నాయి. దాంతో బజారు జనానికి బ్యాంకు గుమ్మం మీద నమ్మకం సడలింది. చిన్న వర్తకులను నిలబెడుతున్నది సుసు. ఒక మనిషి రోజూ దుకాణం దుకాణం తిరిగి ముందుగా ఒప్పుకున్న మొత్తం వసూలు చేసుకొని కార్డు మీద గీత పెడతాడు. నెల తిరిగాక ఒక రోజు వంతు తన కూలిగా ఉంచుకొని మిగిలింది ఇచ్చేస్తాడు. మన చిత్తూరు బజారు వీధుల్లో పిగ్మీ వసూళ్లు చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. తేడా ఒక్కటే: పిగ్మీలో మనకు కాస్తో కూస్తో వడ్డీ వస్తుంది, సుసులో దాచుకునేవాడే కూలి ఇచ్చుకుంటాడు. అయినా ఇస్తారు. సంత మధ్యలో కూర్చున్న మనిషికి బ్యాంకుకు వెళ్లి రావడానికి పోయే పూట కన్నా ఆ కూలి చవక.

ఫోను డబ్బు సంగతి కూడా చెప్పాలి. మనకు యూపీఐ రాకముందే అక్కడ మోమో వచ్చింది. గొడుగు కింద చిన్న బల్ల వేసుకొని కూర్చునే ఏజెంటు లేని సందు ఉండదు. ఆ అలవాటు మీద 2022 మేలో 1.5 శాతం పన్ను వేశారు. జనం మళ్లీ నోట్లకు మళ్లారు. పన్నును 1 శాతానికి తగ్గించి, చివరికి 2025లో రద్దు చేశారు. చేతికి అందిన మంచి పద్ధతిని ప్రభుత్వాలు ఎలా చెడగొట్టుకుంటాయో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మా వాడి కాగితంలో పన్ను వరుస కూడా కాస్త అమాయకంగానే ఉంది. అతడు అమ్మకపు పన్ను 15 శాతం అని వేసుకున్నాడు. అసలు పద్ధతి వేరు. నేను వచ్చేసే నాటికి వంద సెడీల సరుకు మీద ఆరోగ్య బీమా సుంకం రెండున్నర, విద్యా నిధి సుంకం రెండున్నర, కోవిడ్ పేరుతో 2021లో వచ్చిన సుంకం ఒకటి ముందుగా కలిపితే 106 అవుతుంది. ఆ 106 మీద 15 శాతం వేస్తే 121.9. పేరుకు పదిహేను, నిజానికి 21.9 శాతం. ఆ మూడు సుంకాలకూ మన జీఎస్టీలో లాగా తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు ఉండేది కాదు, కాబట్టి అవి నేరుగా సరుకు ఖరీదులో కలిసిపోయేవి. కోవిడ్ సుంకాన్ని 2026 బడ్జెట్టులో ఎత్తివేస్తున్నట్టు ప్రకటించారు. తేమా రేవులో కట్టే దిగుమతి సుంకానికైతే డాలరు విలువను సెడీల్లోకి మార్చే రేటు వారం వారం మారుతుంది. ఓడ రెండు వారాలు ఆలస్యమైతే సరుకు అదే, సుంకం వేరు. ఒక కంటెయినరు విషయంలో మేము సిద్ధం చేసుకున్న డబ్బు రేవు గేటు దగ్గర చాలక, మిగతా మొత్తం సర్దేలోపు రోజుకింత చొప్పున నిల్వ రుసుము పడింది.

విదేశీయుడు పెట్టాల్సిన కనీస పెట్టుబడిని మా వాడు అసలు లెక్కలోకే తీసుకోలేదు. నేనున్న కాలంలో అమలులో ఉన్న 2013 నాటి పెట్టుబడుల చట్టం ప్రకారం, కొని అమ్మే వ్యాపారంలో దిగే విదేశీయుడు కనీసం 10 లక్షల డాలర్ల మూలధనం చూపి, ఇరవై మంది నైపుణ్యం గల ఘనా పౌరులకు పని ఇవ్వాలి. కొని అమ్మడం కాని ఇతర రంగాల్లో, పూర్తిగా సొంతమైతే 5 లక్షలు, కనీసం పదో వంతు వాటా ఉన్న ఘనా భాగస్వామితో కలిసి అయితే 2 లక్షల డాలర్లు. సంతలో బల్ల వేసుకొని అమ్మడం, క్షౌరశాల, పాతిక బళ్ల లోపు టాక్సీ వ్యాపారం, ప్యాకెట్ల మంచినీళ్లు, నోటు పుస్తకాల తయారీ, ఇవి పూర్తిగా స్థానికులకే. అబొస్సీ ఒకాయ్‌లో చిల్లర దుకాణం తెరుద్దామన్న ఆలోచన అక్కడే ఆగిపోతుంది. బజారులో విదేశీయుల దుకాణాలకు స్థానిక వర్తకులు తాళాలు వేసిన సందర్భాలు నేనున్న రోజుల్లోనే జరిగాయి. నాకు ఆ చట్టం అన్యాయమని అనిపించలేదు. పెద్ద పెట్టుబడిదారు వచ్చి కూరగాయల బండి కూడా తానే తోస్తానంటే తిరుపతిలో మాత్రం ఊరుకుంటామా?

ఇక డాలర్లు ఆ దేశంలోకి ఎక్కడి నుంచి వస్తాయన్నది తెలియకుండా ఆ వరుసలో ఏ అంకె వేసినా జోస్యమే అవుతుంది. ప్రధానంగా బంగారం, చమురు, కోకో. వీటిలో కోకో సంగతి మన జిల్లా మనిషికి చెప్పడం సులువు. ఐవరీ కోస్టు తర్వాత ప్రపంచంలో ఎక్కువ కోకో పండించే దేశంగా ఘనాకు పేరు. రైతు నేరుగా ఎగుమతి చేయలేడు. 1947లో మొదలైన కోకో బోర్డు ఏటా ధర ప్రకటిస్తుంది, లైసెన్సున్న సంస్థలు 64 కిలోల బస్తా లెక్కన కొంటాయి. రాబోయే పంటను తాకట్టు పెట్టి ఆ బోర్డు విదేశీ బ్యాంకుల నుంచి ఏటా పెద్ద అప్పు తెచ్చేది, ఆ డాలర్లు రాగానే క్రిస్మసు సరుకుల కోసం వర్తకులు ఎగబడే వేళకు సెడీ కాస్త ఊపిరి పీల్చుకునేది. మా యజమాని కూడా పెద్ద చెల్లింపులను ఆ అప్పు వచ్చే రోజుల దాకా నెట్టుకొచ్చేవాడు. 2020-21లో పది లక్షల టన్నులు దాటిన పంట, 2023-24 నాటికి దాదాపు సగానికి పడిపోయింది. చెట్లకు వైరసు తెగులు పట్టింది, గలామ్సే అని పిలిచే అక్రమ బంగారు తవ్వకాలు తోటలను మింగాయి, పొరుగు దేశంలో ధర ఎక్కువ ఉన్నప్పుడు బస్తాలు రాత్రికి రాత్రి సరిహద్దు దాటాయి. ముందే పాత ధరకు అమ్ముకున్న 3 లక్షల టన్నులకు పైగా కోకోను బోర్డు సమయానికి ఇవ్వలేకపోయింది. 2024 డిసెంబరులో ప్రపంచ మార్కెట్టులో టన్ను 12 వేల డాలర్లు దాటినప్పుడు, ఆ ధర చూసి సంబరపడాల్సిన దేశం దగ్గర అమ్మడానికి సరుకు చాలలేదు. విదేశీ బ్యాంకుల నుంచి తెచ్చే ఆ అప్పు కూడా 2024లో ఆగిపోయింది.

సరిహద్దు దాటే బస్తాల మాట చదివినప్పుడు నాకు చిత్తూరు జిల్లాలో మామిడి మార్కెట్టు ఉన్న బంగారుపాళ్యమే గుర్తొచ్చింది. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర కుప్పకూలి, కిలోకు 12 రూపాయలు అందేలా గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, కర్ణాటక నుంచి కాయ చిత్తూరు జిల్లాలోకి రాకుండా చెక్‌పోస్టుల దగ్గర ఆపేశారు. ధర ఉన్నచోటికి సరుకు నడుస్తుంది. దానికి ఏ దేశమైనా ఒకటే. కాకపోతే మన తోతాపురి ధర పడితే జిల్లా ఏడుస్తుంది, రూపాయి చలించదు. ఘనాలో కోకో పంట పోతే అబొస్సీ ఒకాయ్‌లో బ్రేకు షూ ధర పెరుగుతుంది.

అదే బలహీనత 2025లో తిరగబడి బలమైంది. ఆఫ్రికాలో అత్యధికంగా బంగారం తవ్వే దేశం ఘనాయే. మన దేశం అక్కడి నుంచి తెచ్చుకునే వాటిలో పెద్ద పద్దు కూడా అదే. 2025 ఏప్రిల్‌లో గోల్డ్‌బోడ్ అనే కొత్త బోర్డు ఏర్పడి, చిన్న గనుల బంగారం కొనే, ఎగుమతి చేసే హక్కు మొత్తం దాని చేతికి వెళ్లింది. విదేశీయులు స్థానిక బంగారు వ్యాపారం నుంచి ఆ నెలాఖరుకు తప్పుకోవాలన్నారు. బంగారం ధర ఆకాశంలో ఉంది, డాలర్లు కేంద్ర బ్యాంకుకు చేరాయి, ఏప్రిల్ మొదట్లో 15 దాటి ఉన్న డాలరు మే చివరికి 10 సెడీల చిల్లరకు దిగింది. సెప్టెంబరులో ద్రవ్యోల్బణం 9.4 శాతానికి వచ్చింది. దేశానికి శుభవార్తే. 2022 దెబ్బతో బుద్ధి తెచ్చుకొని, డాలరు పెరుగుతుందన్న భయంతో 15 లెక్కన గోదాము నింపుకున్న వర్తకుడికి మాత్రం అది రెండో దెబ్బ. ధరలు ఎందుకు తగ్గించరని ప్రభుత్వం, జనం నిలదీశారు. తగ్గిస్తే పాత సరుకు మీద నష్టం. పుస్తకం లాభమని రాసినప్పుడు నష్టపోవడం ఒక తీరు, నాణెం బలపడితే నష్టపోవడం ఇంకో తీరు. ఫోన్లో ఆంటీని పలకరిస్తే, ఈసారి కొన్న ధర కన్నా తక్కువకే కొంత అమ్మేశానని, దిగుతున్న రేటుతో కొత్త సరుకు తెప్పించానని చెప్పారు. రెండు సందర్భాల్లోనూ ఆమె వేసింది ఒకటే లెక్క.

ఇది చదివి ఘనాకు పోవద్దంటున్నానని అనుకోకండి. దుమ్సోర్ అని వాళ్లు పిలిచే కరెంటు కోతల కాలం ఒకటి గడిచింది. మన పల్లెల్లో బోర్ల కింద వ్యవసాయం చేసినవారిని అది బెదిరించలేదు. 1992 నుంచి ఎన్నికలతోనే ప్రభుత్వాలు మారుతున్నాయి. 2024 డిసెంబరులో అధికార పార్టీ అభ్యర్థి పూర్తి ఫలితాలు రాకముందే ఓటమి ఒప్పుకున్నాడు. మాట ఇచ్చిన మనిషి డబ్బు ఆలస్యంగానైనా తెచ్చి ఇవ్వడం నేను మన దగ్గర చూసినంతే అక్కడా చూశాను.

ఇదంతా కాకపోయినా సగమైనా ఆ రాత్రి చెప్పాను. మా వాడు మాట్లాడకుండా విని, చిల్లర దుకాణం మాట కొట్టేసి, స్థానిక దుకాణదారులకు చెన్నై నుంచి సరుకు పంపే వాడిగా తనను తాను మార్చుకొని, కొట్టేసిన వరుస కింద కొత్తగా మూడు వరుసలు గీశాడు. డాలరు 10 అయితే ఒకటి, 12 అయితే ఒకటి, 15 అయితే ఒకటి. అరువు ఎన్ని రోజులివ్వాలో, అరువుకు సెడీల్లో ధర చెప్పాలో డాలర్లలో చెప్పాలో అడిగాడు. ఆ దేశం లోపల అమ్మే సరుకుకు ధరలు విదేశీ నాణెంలో వేయడం అక్కడి చట్టానికి విరుద్ధమని చెబితే తల పట్టుకున్నాడు. పది గంటలకు నేను అన్నానికి పిలిచేసరికి మూడో వరుస చివర నష్టం తేలింది. దాన్ని కాసేపు చూసి, వంటింటి వైపు తిరిగి, "వదినా, ఇంకో కాగితం ఉంటే ఇయ్యి" అన్నాడు.